మూతపడని కిటికీ – చదువుకున్న చేయి

వార్షిక సంచికకు వ్యాసం వ్రాయబూనినవారు దేశాభ్యుదయం, యువజనుల కర్తవ్యం, భాషా సామరస్యం వంటి ఉదాత్త విషయాలను ఎన్నుకోవడం ఆచారం. ఈ వ్యాసానికి విషయం సరిగా మూతపడని ఇంటి కిటికీ. ఇంత స్వల్ప విషయానికి సంచికలో తావెందుకని చదువరులు నొసలు చిట్లించవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రేపో మాపో పట్టభద్రుడు కానున్న యువకుడు తన గది కిటికీ ఎందుకు మూతపడటం లేదో చెప్పలేకపోవడం, అది తన చదువుకు లోటు కాదని నమ్మడం మాత్రం స్వల్ప విషయం కాదని నా అభిప్రాయం. దానిని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల సంఘం పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసోద్దేశం.

మనలో అనేకులు కాచిగూడ, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతాలలో నివసించేవారే. ఈ పేటలలో నిజాం కాలంనాటి టేకు కిటికీలు గల పాత ఇళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి. వాటి ప్రక్కనే ఇనుప చట్రాల కిటికీలు గల మేడలు, అల్యూమినియం జరుపుడు రెక్కలు గల బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయాన్ని ఆశ్రయించి పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి అద్దె గదులలో సంవత్సరాల తరబడి ఉంటారు. ఆ గదులలో కిటికీ రెక్కను నులక త్రాడుతో ఊచకు కట్టివేయడం, మడిచిన వార్తాపత్రికను సందులో దూర్చడం, వాన వస్తే పాత బెడ్‌షీటును అడ్డు కట్టడం సర్వసాధారణం. రాజ్యాంగంలోని అధికరణాలను వరుసగా అప్పగించగల విద్యార్థి, తన తల ప్రక్కన కొట్టుకొనే రెక్కను నులక త్రాడుకు వదలివేస్తున్నాడు.

ఆ సందు వలన కలిగే నష్టం ఎంతో లెక్క వేసి చూద్దాం. 120 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్క చుట్టుకొలత 360 సెంటీమీటర్లు. చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు ఉన్నదనుకుంటే మొత్తం 108 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. అనగా పొడవు, వెడల్పు 10 సెంటీమీటర్లకు పైగా గల చదరపు కన్నం గోడకు పెట్టినట్లే. గోడకు అటువంటి కన్నం ఉంటే ఆ రోజే మేస్త్రీని పిలుస్తాము. కిటికీ చుట్టూ సన్నగా పరచుకొని ఉన్నందున దానిని సంవత్సరాల తరబడి సహిస్తాము. హుసేన్ సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా అశోక్ నగర్, నల్లకుంట ప్రక్కలుగా సాగుతుంది. మురుగులో పెరిగే దోమ రాత్రివేళ వస్తుంది. కూలర్లలో, తొట్లలో నిలిచిన నీటిలో పుట్టి డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ పగటివేళ కుడుతుంది. ఎంత మంచి దోమతెరను బిగించినా దాని చట్రం చుట్టూ సందు ఉంటే ఆ తెర అలంకారమే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు జల్లు, వేసవిలో దుమ్ము, రైళ్ళ, వాహనాల రొద అన్నిటికీ అదే దారి.

ఇక కారణాలు. కొయ్య కిటికీ విషయంలో మొదట తెలుసుకోవలసినది, కర్ర కోసిన తరువాత కూడా గాలిలోని తేమను పీల్చుతూ, వదలుతూ ఉంటుందన్న సంగతి. తేమ పీల్చిన కర్ర అడ్డంగా ఉబ్బుతుంది, పొడవున దాదాపు పెరగదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి వెడల్పులో సుమారు నూటికి 5, 6 పాళ్ళు కుంచించుకుపోతుంది. వలయాలకు అడ్డంగా 2, 3 పాళ్ళు మాత్రమే. టేకు నెమ్మదైన కర్ర కావడం చేతనే పూర్వులు దానిని కిటికీలకు ఎన్నుకొన్నారు. పాత వడ్రంగులు రెక్కను ఒకే వెడల్పు చెక్కతో చేయక, నిలువు పట్టెలు, అడ్డు పట్టెలు కూర్చి, వాటి గాడిలో పలుచని పలకను జిగురు పెట్టకుండా నిలిపేవారు. పలక ఉబ్బినా, కుంచించుకొన్నా గాడిలోనే కదులుతుంది, రెక్క కొలత చెడదు. అయినను రెండు రెక్కల కిటికీలో నాలుగు నిలువు పట్టెలు ఉంటాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు ఉబ్బినా 2 మిల్లీమీటర్లు చౌకట్టులో అదనంగా ఇరుక్కోవాలి. వానాకాలంలో బిగుసుకొన్న కిటికీ వేసవిలో వదులు కావడానికి ఇదే హేతువు. కావున శ్రావణమాసంలో బిగుసుకొన్నదని తొందరపడి చిత్రిక పట్టరాదు. చిత్రిక పట్టి తీసివేసిన కర్ర తిరిగి రాదు. వేసవి వచ్చేసరికి అక్కడ వేలు దూరేంత సందు మిగులుతుంది.

రెండవది రెక్క దిగబడటం. నా దృష్టిలో అన్నిటికంటె ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. రెక్క బరువును మోసేది ముఖ్యంగా పై మడతబందు. దాని స్క్రూలు వదులైతే రెక్క పైభాగం చౌకట్టు నుంచి కొంచెం దూరంగా జరుగుతుంది. రెండవ కొసన అడుగు మూల క్రిందికి వాలి చౌకట్టును రాచుకొంటుంది. చూసేవారికి రాపిడి కనిపించేది అడుగు మూలలో, జబ్బు ఉన్నది పై మడతబందులో. తెలియనివారు రాచుకొన్న మూలను చెక్కివేస్తారు. కొంతకాలానికి స్క్రూలు మరింత వదులై రెక్క మరింత దిగుతుంది, మళ్ళీ చెక్కుతారు. ఇట్లా రెండు మూడుసార్లు చెక్కిన రెక్కకు ఆపైన ఎంత మంచి మడతబందు బిగించినా, చెక్కిన మేర సందు శాశ్వతంగా ఉండిపోతుంది. రాచుకొన్న చోటు వేరు, తప్పిన చోటు వేరు అన్న ఈ ఒక్క విషయం తెలిస్తే సగం కిటికీలు బాగుపడతాయి.

దీనికి చికిత్స సులభం. ఒకరు రెక్కను ఎత్తి పట్టుకొనగా మరొకరు పై మడతబందు స్క్రూలను బిగించి చూడాలి. స్క్రూ బిగియక ఊరకే తిరుగుతున్నదంటే రంధ్రం అరిగిపోయిందని అర్థం. అప్పుడు స్క్రూను ఊడదీసి, సన్నని వెదురు పుల్లలను వడ్రంగి జిగురులో ముంచి రంధ్రం నిండా దిగగొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి వచ్చిన కొసలను కోసివేసి, సన్నని రంధ్రం చేసి స్క్రూను తిరిగి బిగించాలి. మందపు చౌకట్టు అయితే కొంచెం పొడవైన స్క్రూ మేలు. స్క్రూలు గట్టిగానే ఉండి రెక్క మూలల అతుకులు కదులుతూ ఉంటే, రెక్కను దించి మూలలకు జిగురు పెట్టి, కొలతాపట్టీతో ఐమూలలను కొలవాలి. రెండు ఐమూలల కొలతలు సమానమైతే రెక్క చదరంగా ఉన్నట్లు. ఆ స్థితిలో బిగించి ఆరనివ్వాలి.

మూడవది మడతబందును మరీ లోతుగా దిగవేయడం. రెక్క మూతపడబోయి విల్లులాగ వెనుకకు తన్నుతుంది, చేయి తీయగానే తెరచుకొంటుంది. మడతబందు రేకు వెనుక పాత పోస్టుకార్డు ముక్కను కత్తిరించి పెడితే చాలును. కొన్నిచోట్ల స్క్రూ తలలు పైకి పొడుచుకొని వచ్చి, రెండు రేకులు కలియకుండా అడ్డుపడుతూ ఉంటాయి. ఇది కంటికి కనిపించే దోషమే అయినా చూసేవారు అరుదు. నాలుగవది రంగు. పండుగ పండుగకు పాతపూత మీద కొత్తపూత వేస్తూ పోతే అంచులు మందమవుతాయి, పలక గాడిలో అతుక్కొని కదలిక కోల్పోతుంది. అంచుల మీది పూతలను గీకి, గరుకు కాగితంతో నునుపు చేసి, ఒక్క పలుచని పూత వేయాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత రంగులలో సీసం ఉండేది. ఇళ్ళ రంగులలో సీసాన్ని పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు పరిమితం చేసిన నిబంధనలు మన దేశంలో 2016లో వెలువడి 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. పాత ఇంటి రంగును పొడిగా రుద్దితే లేచే ధూళి పసిపిల్లలకు హానికరం. తడి చేసి గీకాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి, రాలిన పెచ్చులను తడిగుడ్డతో ఎత్తివేయాలి.

ఏ కిటికీకి ఏ జబ్బో తెలుసుకొనే ఉపాయాలు కూడ ఖర్చు లేనివే. చౌకట్టు లోపలి అంచున సుద్దముక్క రుద్ది రెక్కను మూసి తెరిస్తే, తగిలిన చోట రెక్క మీద సుద్ద అంటుకొంటుంది. ఒక కాగితపు ముక్కను అంచున పెట్టి మూసి లాగితే, జారి వచ్చిన చోట సందు ఉన్నది, చిరిగే చోట బిగువు ఉన్నది. అగరువత్తిని అంచు వెంబడి నెమ్మదిగా త్రిప్పితే పొగ చెదరిన చోట గాలి చొరబడుతున్నది; తెరలు మాత్రం ప్రక్కకు తీసివేయాలి. ముందుగా చూడటం, తరువాత స్క్రూలు, ఆ తరువాత గరుకు కాగితం, అన్నీ విఫలమైన పిమ్మట పొడి ఋతువులో మాత్రమే చిత్రిక. ఈ వరుస తప్పరాదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం మన బద్ధకానికి గుర్తేగాని బలానికి గుర్తు కాదు.

రెక్క నేరుగా కూర్చొన్న తరువాత మిగిలిన సన్నని సందుకు చౌకట్టు అంచున రబ్బరు పట్టీ గాని, సన్నని కొయ్య బద్దె గాని బిగించవచ్చు. అద్దం చుట్టూ లప్పం రాలిపోయి ఉంటే సుద్దపొడి, అవిసెనూనె కలిపిన లప్పం పెట్టవచ్చు. ఇనుప కిటికీకి తుప్పు గీకి, కీలుకు నూనె వేసి, తుప్పుపట్టని పూత పూయాలి. జరుపుడు కిటికీలో తొంబై పాళ్ళు దోషం గాడిలో పేరుకొన్న మట్టిదే అన్నట్లుగా ఉంటుంది. ముందు దానిని కుంచెతో ఊడ్చి, అప్పటికీ కదలకుంటే చక్రాలను చూడాలి. అయితే అన్ని సందులూ మూయదగినవి కావు. వంటగదికి, గ్యాస్ గీజరు గల స్నానాల గదికి గాలి రాకపోక ఉండి తీరాలి. గాలి చాలక మండిన గ్యాస్ నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీసే శక్తి ఉన్నది. మంచి కిటికీ కోరినప్పుడు మూతపడాలి, కోరినప్పుడు తెరచుకోవాలి. పై అంతస్తులలో వెలుపలికి వేలాడి చేయవలసిన పని వచ్చినప్పుడు మాత్రం సాహసం కూడదు, పనివానినే పిలవాలి.

పాతదానిని పీకివేసి కొత్తది పెట్టిస్తే పోదా అని కొందరు అడుగుతారు. చౌకట్టును చెద తిన్నదైతే, కర్ర పిండిగా రాలుతున్నదైతే అదే మార్గం. కాని ఒక స్క్రూ వదులైన నేరానికి టేకు కిటికీని పాతసామాను కొట్టుకు పంపడం న్యాయం కాదు. పైగా గోడ వంకర ఉన్న చోట కొత్త కిటికీ కూడ వంకరగానే కూర్చొంటుంది. గుమ్మటాలతో, మినార్లతో 1916లో నిర్మింపబడిన కాచిగూడ రైల్వే స్టేషను భవనం ఒక శతాబ్దం దాటి నేటికీ ప్రయాణికులకు ఉపయోగపడుతూనే ఉన్నది. ఏ కట్టడమైనా తనంతట తాను నూరేళ్ళు నిలవదు. చిన్న చిన్న మరమ్మతులు వేళకు జరిగితేనే నిలుస్తుంది.

అద్దె ఇంటివారి వాదం వేరు. ఇల్లు మనది కాదు, మనకెందుకు అంటారు. యజమాని, ఉండేది వారు గదా అంటాడు. కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం ఈ పనులను ఇద్దరికీ పంచింది. కట్టడపు మరమ్మతులు, తలుపులకు, కిటికీలకు రంగులు యజమాని వంతు. కిటికీ పిడులు, తాళాలు, దోమతెరలు, పగిలిన అద్దాలు అద్దెదారు వంతు. దిగబడిన రెక్కకు మాత్రం ఆ జాబితాలో పేరు పెట్టి చోటు లేదు. ఇద్దరి మధ్య తగవుగా మిగిలేది సరిగా అదే. పది రూపాయల వెదురుపుల్లలు, జిగురుతో తీరే పనికి మూడు వానాకాలాలు వాదించుకోవడం ఏ చట్టమూ మాన్పలేదు. యజమానికి ఒక మాట చెప్పి, అనుమతి తీసుకొని, ఆ పని చేతనైనవారు చేసివేయడమే మర్యాద. కర్ర, చౌకట్టు మార్చవలసి వస్తే ఆ ఖర్చు యజమాని భరించడం న్యాయం.

రెండు భాషల వారం కలిసి చదివే ఈ కళాశాలలో మరొక విశేషాన్ని గమనింపవలసి ఉన్నది. మనం మడతబందు అనేదానిని ఉర్దూలో ‘కబ్జా’ అంటారు. కబ్జా అంటే పట్టు, స్వాధీనం అని కూడ అర్థం. రెక్కను పట్టి ఉంచేది గనుక ఆ పేరు ఎంత సార్థకమైనదో చూడండి. చిత్రికను ‘రందా’ అంటారు, స్క్రూను ‘పేచ్’ అంటారు. తెలుగులో కీలు అంటే అతుకు, ఉర్దూలో కీల్ అంటే మేకు. మన కిటికీ, వారి ఖిడ్కీ చుట్టాలే. మేస్త్రీ అనే మాట పోర్చుగీసువారి నుంచి వచ్చి రెండు ఇళ్ళలోనూ స్థిరపడింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధన ప్రారంభించడానికి తోడ్పడినది 1917లో నెలకొన్న దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ. తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తిగారి నాయకత్వాన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. ఒకచోట శాస్త్రానికి మాటలు కూర్చారు, మరొకచోట పనివాళ్ళ నోట ఉన్న మాటలను ఏరి భద్రపరచారు. రెండు కృషులూ గౌరవింపదగినవే. అయితే పనివాని నోటిమాట పని నిలిచి ఉన్నంతకాలమే బ్రతుకుతుంది. కబ్జా, చిత్రిక అన్న మాటలు తెలియని తరం మనదే అయితే ఆ నష్టం నిఘంటువుతో తీరదు.

ఈ నగరంలోనే 1897లో జన్మించి, 1967లో భారత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ మహాశయుడు ఈ విషయంలో మనకు మార్గదర్శకుడు. 1937లో వార్ధాలో గాంధీజీ ఆధ్వర్యాన జరిగిన విద్యా సదస్సు తరువాత, మౌలిక విద్యా ప్రణాళికను రూపొందించిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. మాతృభాషలో, చేతిపని కేంద్రంగా ఏడేళ్ళ విద్య అన్నది ఆ ప్రణాళిక సారం. అది దేశంలో ఆశించిన రీతిగా నిలవలేదు. చేతిపనిని ఒక గంట పాఠంగా మార్చి, మార్కులు లేని పాఠం గనుక క్రమంగా వదలివేశాము. ఫలితంగా చదువుకున్న చేయి కలం తప్ప మరొకటి పట్టరాదన్న భావం మనలో పాతుకుపోయింది. ఈ భావం వలన మూతపడని కిటికీ కంటె పెద్ద హాని ఒకటి ఉన్నది. పని ఎంత కష్టమో తెలియనివాడు పనివానికి ఇచ్చే కూలిని దండుగ అనుకొంటాడు. అతనిని ‘ఏమోయ్’ అని పిలుస్తాడు. అతని ప్రక్కన కూర్చొనడానికి సంకోచిస్తాడు. ఒక్కసారి తన చేతితో స్క్రూను నేరుగా దించి చూసినవాడు అట్లా పిలవలేడు.

విద్యార్థులే ఈ పనులు చేసుకొంటే వడ్రంగి పొట్ట కొట్టినట్లు కాదా అని ఆక్షేపించేవారు ఉన్నారు. ఆక్షేపణలో జాలి ఉన్నది గాని వాస్తవం తక్కువ. స్క్రూ బిగించడం కోసం వడ్రంగిని పిలిచే ఇల్లు అరుదు. నులక త్రాడు కట్టి ఊరకుండే ఇళ్ళే ఎక్కువ. జబ్బు తెలిసిన ఇంటివారే తమవల్ల కాని పనికి వేళకు మంచి పనివానిని పిలుస్తారు, పనితనాన్ని గుర్తిస్తారు, బేరమాడకుండా కూలి ఇస్తారు.

కావున కళాశాల సంఘం పెద్దలకు మూడు విన్నపాలు. మొదటిది, వేసవి సెలవులకు ముందు, కర్ర పొడిగా ఉండే రోజులలో, ఒక శనివారాన్ని మరమ్మతుల దినంగా పాటించాలి. ఆ రోజున అనుభవజ్ఞుడైన వడ్రంగిని కూలివానిగా గాక అధ్యాపకునిగా ఆహ్వానించి, కుర్చీ వేసి, తగిన గౌరవ వేతనం ఇచ్చి, తరగతి గదుల కిటికీల మీదనే పాఠం చెప్పించాలి. విద్యార్థినులు కూడ ఇందులో సమానంగా పాల్గొనాలి. ఇంటి కిటికీ ఆడ మగ తేడా చూసి చెడదు. రెండవది, స్క్రూడ్రైవరు, సుత్తి, ఉలి, కొలతాపట్టీ, చిన్న చిత్రిక గల పనిముట్ల పెట్టెనొకదానిని గ్రంథాలయంలో ఉంచి, పుస్తకం వలెనే సంతకం తీసుకొని అద్దె గదులలోని విద్యార్థులకు ఎరువు ఇవ్వాలి. మూడవది, ఆ రోజు వడ్రంగి నోట విన్న పనిమాటలను తెలుగు, ఉర్దూ లిపులలో ప్రక్కప్రక్కన వ్రాసి వచ్చే సంచికలో ప్రకటించాలి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఒక సన్మాన సభ పూలదండల ఖర్చును మించదు.

విద్యార్థి మిత్రులారా! సంఘం నిర్ణయం కోసం వేచి ఉండనవసరం లేని పని ఒకటి మీ గదిలోనే ఉన్నది. ఈ సాయంత్రం ఒక సుద్దముక్క తీసుకొని మీ కిటికీ ఎక్కడ రాచుకొంటున్నదో చూడండి. ఆ తరువాత తల ఎత్తి పై మడతబందు వైపు చూడండి.